గుల్ల మారితే గోళీలు మారాలి

ఆ వీధి పొడుగునా మోటారు పనుల షెడ్లే. ఒకడు పంక్చర్లు వేస్తాడు, ఒకడు రేడియేటర్లకు మాట్లు పెడతాడు, ఒకడు సీట్లు కుడతాడు. పాత గేర్‌బాక్సుల పని మాత్రం చెవి మేస్త్రిది. అతనికి వేరే పేరు ఉండేది. ఆ పేరుతో పిలిచే ఆఖరి మనిషి అతని తల్లి. ఆమె పోయాక ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు.

బండి వచ్చిందంటే అందరిలా ముందు పానా పట్టుకునే రకం కాదతను. బండి వెనక చక్రాలు నేలకు తగలకుండా పైకి లేపించి, ఇంజిన్ నడిపించి, గేరు వేయించేవాడు. తర్వాత గోడకు వేలాడే పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని బండి కింద దూరేవాడు. దాని మొనను గేర్‌బాక్స్ మీద ఆనించి, చెక్కపిడిని చెవి పక్క ఎముకకు నొక్కిపెట్టి, కళ్ళు మూసుకునేవాడు. లోపల తిరిగే ప్రతి బేరింగ్ ఆ ఇనుప కడ్డీ గుండా వచ్చి అతనితో తన కష్టసుఖాలు చెప్పుకునేది. "ముందుది మంచిదే. వెనకది పోయింది. మధ్యది ఇంకో ఏడాది లాగుతుంది" అని లేచేవాడు. విప్పి చూస్తే అంతే ఉండేది.

ఆ కళ్ళు మూసుకోవడంలో కాస్త నాటకం ఉండేది, లేదనను. వినడానికి కళ్ళతో ఏం పని? కానీ నలుగురు డ్రైవర్లు చుట్టూ గొంతుక్కూర్చుని ఊపిరి బిగబట్టి చూస్తుంటే ఎంతటి వాడికైనా కొంచెం నటించాలనిపిస్తుంది. పక్క షెడ్డులో సుత్తి మోగుతుంటే ఎవడో ఒకడు వెళ్ళి "ఆపవయ్యా బాబూ, మేస్త్రి వింటున్నాడు" అని ఆపించి వచ్చేవాడు. వీధి వీధంతా తన కోసం నోరు మూసుకోవడం అనే ఆ సుఖం ఎంత మందికి దొరుకుతుంది చెప్పండి.

అతనికి పని నేర్పిన ముసలి మేస్త్రి మాత్రం ఈ చెవి విద్యను ఒప్పుకునేవాడు కాదు. ఆయనకు ఒకటే సూత్రం. ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య గంట ఆకారంలో ఒక గుల్ల ఉంటుంది. దాన్ని బెల్ హౌసింగ్ అంటారు. క్లచ్ దాని కడుపులో తిరుగుతుంది. చాలా పాత బండ్లలో గేర్‌బాక్స్ ముందు బేరింగ్ కూడా ఆ గుల్లలోనే కూర్చుని ఉంటుంది. ఆ గుల్ల పగిలి ఇంకో బండిది తెచ్చి వేశామంటే, అందులో కూర్చునే బేరింగ్ కూడా కొత్తది పడాల్సిందే. పాత బేరింగ్ పాత గుల్లతో ఏళ్ళ తరబడి కాపురం చేసి, దాని వంకరకు తగ్గట్టు తానూ వంకరగా అరిగి ఉంటుంది. కొత్త గుల్ల వంకర ఇంకో పక్కకు ఉంటుంది. "గుల్ల మారితే గోళీలు మారాలిరా. మళ్ళీ నన్ను అడక్కు" అనేవాడు ముసలాయన. గోళీలంటే ఆయన భాషలో బేరింగులు.

చాలాకాలం మన మేస్త్రి ఆ మాట దాటలేదు. తర్వాత ఆ పాత గేర్‌బాక్సులకు సరిపడే బేరింగులు రావడమే మానేశాయి. వచ్చినవి పేరుకే కొత్తవి. పెట్టె చూస్తే నిగనిగ, లోపల చూస్తే సత్తు. అవి వేసిన బండ్లు తిరిగి షెడ్డుకే రావడం మొదలుపెట్టాక, మేస్త్రి గుల్ల మార్చినప్పుడు పాత బేరింగే కూర్చోబెట్టి, కడ్డీ ఆనించి వినేవాడు. అది కొత్త ఇంట్లో కుదురుకుందని చెవి చెబితే ఉంచేవాడు, లేదంటే పీకేసేవాడు. ఎప్పుడూ తప్పు పోలేదు. గురువు మాట దాటినందుకు మొదట్లో కొంత బెరుకుగా ఉండేది గానీ, పేరు వచ్చాక బెరుకు ఎవరికి గుర్తుంటుంది? దూరపు ఊళ్ళ డ్రైవర్లు కూడా చెవి మేస్త్రి అంటే చెవి కోసుకునేవాళ్ళు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం చేసి, షెడ్డులో బల్ల మీద నడుం వాల్చాడు. ఎక్కడో ఒక బేరింగ్ సన్నగా ఏడుస్తోంది. ఎవడి బండిరా ఇది, ఇంత పోయినా నడుపుతున్నాడు అనుకుంటూ వీధిలోకి వచ్చి చూశాడు. ఎండ కాస్తోంది. ఒక్క బండి కూడా కదలడం లేదు. సీట్లు కుట్టేవాడు మిషన్ మీదే తల వాల్చి నిద్రపోతున్నాడు. మేస్త్రి మళ్ళీ లోపలికి వచ్చి పడుకున్నాడు. ఏడుపు వినిపిస్తూనే ఉంది. రెండు చెవులూ అరచేతులతో మూసుకున్నాడు. మూసుకుంటే ఇంకా బాగా వినిపించింది.

అది ఆ తర్వాత ఆగలేదు. పొద్దున ముఖం కడుక్కునేటప్పుడు, భార్య మాట్లాడేటప్పుడు, కడ్డీ చెవికి ఆనించినప్పుడు, అన్నివేళలా ఒకటే సన్నటి ఈల. మొదట్లో దానివల్ల మంచి బేరింగులన్నీ చెడ్డవిగా తోచాయి. "పోయింది, మార్చాలి" అన్నాడు ఒక లారీకి. విప్పితే బేరింగ్ బంగారంలా ఉంది. డ్రైవర్ దాన్ని వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూసుకున్నాడు. రెండోసారి ఇంకో బండికి అలాగే జరిగింది. చెవి పోయిన చెవి మేస్త్రి ఎవరికి కావాలి? పానా పట్టుకోవడం వీధిలో అందరికీ వచ్చు. ఈ చెవి ఒక్కటే కదా తనకున్నది!

డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చుగా అంటారు మీరు. వెళ్తే ఏమంటాడు? చెవుడు అంటాడు. అనకుండా ఉన్నంతకాలం అది చెవుడు కాదని ధైర్యం. ఇలాంటి ధైర్యాలతోనే మగవాళ్ళు కొంపలు ముంచుతారు.

అతను వెళ్ళలేదు. దానికి బదులు ఒక ఉపాయం కనిపెట్టాడు, అదీ తెలివైన ఉపాయమే. లోపల కూర్చున్నవాడిని క్లచ్ నొక్కమనేవాడు. క్లచ్ నొక్కితే గేర్‌బాక్స్ ముందు బేరింగ్‌కు ఇంజిన్‌తో తెగతెంపులు. దాని మోత ఆగిపోవాలి. క్లచ్ నొక్కినా ఈల అలాగే ఉందంటే అది బేరింగ్‌ది కాదు, తన తలకాయది. ఆ ఈలను మనసులో తీసేసి, మిగిలింది వినేవాడు. తీసివేత లెక్క! కొన్నాళ్ళు అది బాగానే నడిచింది. పరువు నిలబడింది. మాటలు వినపడకపోతే ఎదుటివాళ్ళ పెదవులు చూసి పట్టుకునేవాడు. అదీ అందకపోతే ఇంజిన్ మోత మీదికి నెట్టేసేవాడు. ఇంట్లో భార్య రెండుసార్లు పిలిచినా పలక్కపోతే "ఎప్పుడూ పరధ్యానమే" అని విసుక్కునేది. పరధ్యానమనే మాట అతనికి అమృతంలా ఉండేది.

ఇక బావమరిది సంగతి చెప్పాలి. భార్యకు ఒక్కడే తమ్ముడు. వాడు నడక నేర్వకముందే తల్లి పోయింది. అక్క చంకనెత్తుకుని పెంచింది. పెళ్ళిచేసుకుని వస్తూ వాణ్ణి కూడా వెంటబెట్టుకుని వచ్చింది. ఆ దంపతులకు పిల్లలు లేరు, వాడే ఆ ఇంటి పిల్లాడు. పెద్దవాడై ఒక పాత వ్యాన్ కొనుక్కుని, కొండ మీది ఊళ్ళకు సామాన్లు చేరవేస్తూ బతుకుతున్నాడు. మనిషి వసపిట్ట. "దేవుడు మా ఇంట్లో పంపకాలు సరిగ్గానే చేశాడు. బావకు చెవులిచ్చాడు, నాకు నోరిచ్చాడు, మా అక్కకు మా ఇద్దరినీ ఇచ్చాడు" అనేవాడు. ఆ మాట ఎన్నిసార్లు అన్నా అక్క నవ్వేది.

ఒక సాయంత్రం వాడి వ్యాన్‌ను తాడు కట్టి లాక్కొచ్చారు. గుల్ల పగిలింది. బోల్టులు పట్టే చెవి ఒకటి ఊడి, పగులు పైదాకా పాకింది.

"ఎంత సేపట్లో అవుతుంది బావా?" అన్నాడు బావమరిది.

"అవడానికి ఇదేమన్నా పంక్చరా? ముందు గుల్ల దొరకాలి."

"దొరికింది. పాత సామాన్ల కొట్టు వాడి దగ్గర ఇదే బండి ఒకటి తుక్కుకొచ్చిందట. విప్పి పెట్టమని చెప్పి వచ్చా."

"బేరింగ్ కూడా కావాలి."

"ఆ బేరింగ్ బజార్లో లేదు, నెలయినా రాదన్నాడు. నేను ఎల్లుండి కొండెక్కకపోతే ఆ బేరం ఇంకొకడు ఎగరేసుకుపోతాడు." వాడు నవ్వి, బావ భుజం మీద చెయ్యి వేశాడు. "అయినా నీ చెవి ఉండగా నాకు కొత్త బేరింగ్ ఎందుకు? విను. మంచిదంటే ఉంచు. కాదంటే ఈ బండి ఇక్కడే పెట్టి, అక్క చేసిపెట్టింది తింటూ నెలరోజులు కూర్చుంటా."

కాదనడానికి నోటిదాకా వచ్చింది. ఇప్పుడు కాదంటే, ఎందుకు అంటాడు. ఎన్ని బండ్లకు వినలేదు నువ్వు, నా దానికే ఎందుకు వినవు అంటాడు. ఏం చెప్పాలి? మేస్త్రి గేర్‌బాక్స్ దించడానికి జాకీ తీసుకున్నాడు.

మర్నాడంతా పని. నూనె కార్చి, గేర్‌బాక్స్ దించి, పగిలిన గుల్లను విడదీశాడు. ముందు బేరింగ్‌ను డీజిల్‌లో కడిగి, ఆరబెట్టి, వేలిమీద తిప్పాడు. ఒక్కచోట ఎక్కడో సన్నటి గరుకు తగిలింది. మళ్ళీ కడిగి తిప్పితే తగల్లేదు. మట్టి రేణువేమోలే అనుకున్నాడు. పక్క షెడ్డు లేత్ మేస్త్రి వచ్చి, కొత్త గుల్లలో బేరింగ్ కూర్చునే చోటు కొలిచి, "వెంట్రుకవాసి బిగువుగా ఉంది" అన్నాడు. అది పెదవులు చూసి పట్టుకున్నాడు మన మేస్త్రి. "కూర్చుంటుంది" అన్నాడు. కూర్చుంది, నాలుగు దెబ్బలు ఎక్కువ తిని.

సాయంత్రానికి బండి కలిపి, వెనక చక్రాలు లేపి, బావమరిదిని సీట్లో కూర్చోబెట్టాడు. కింద దూరి కడ్డీ ఆనించాడు. చక్రాలు గాల్లో తిరుగుతున్నాయి. చెవిలో ఈల.

"క్లచ్ నొక్కు!"

నొక్కాడు. ఈల అలాగే ఉంది.

"వదులు!"

వదిలాడు. అదే ఈల. మేస్త్రి కళ్ళు నిజంగానే గట్టిగా మూసుకున్నాడు, ఈసారి నాటకం లేదు. మళ్ళీ నొక్కమన్నాడు, మళ్ళీ వదలమన్నాడు. ఏమీ తేడా లేదు. తేడా లేదంటే అది తనదే. దాన్ని తీసేస్తే మిగిలింది గేర్ల గలగల, అంతే. లెక్క సరిపోయింది.

కళ్ళు తెరిచేసరికి పక్కన నేలమీద టీ గ్లాసు ఉంది. భార్య తెచ్చి పెట్టి, వెనక్కి తిరిగి ఇంటివైపు వెళ్తోంది. ఇల్లు షెడ్డు వెనకే. మేస్త్రి బయటికి వచ్చి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"మంచిదేనా బావా?"

"మంచిదే" అన్నాడు మేస్త్రి.

ఆ బేరింగ్ అప్పటికే ఏడుస్తోంది. సరిగ్గా అతని తలలో ఈల ఏ శ్రుతిలో ఉందో ఆ శ్రుతిలోనే ఏడుస్తోంది. క్లచ్ నొక్కితే అది ఆగేది, తలలోది ఆగేది కాదు. వదిలితే రెండూ కలిసేవి. లెక్కలో తప్పు లేదు. ఒకటి తీసేయబోయి రెండూ తీసేశాడు, అంతే.

కొండ మీదికి వెళ్ళేటప్పుడు బండికి ఏమీ కాలేదు. సామాను దించి, తిరుగు సరుకు ఎక్కించుకుని దిగుతుండగా బేరింగ్ గోళీలు చితికిపోయాయి. షాఫ్టు పక్కకు వాలి గేర్లు ఒకదానిలో ఒకటి ఇరుక్కున్నాయి. వెనక చక్రాలు ఉన్నపళంగా బిగుసుకున్నాయి. మలుపులో బండి అడ్డం తిరిగి రోడ్డు పక్క గోడను గుద్దింది. ముందు భాగం లోపలికి నొక్కుకుపోయి డ్రైవర్ కుడి కాలును పట్టేసింది. ఆసుపత్రిలో ఆ కాలు మోకాలి కింద తీసేశారు.

కబురు తెలిసినప్పుడు మేస్త్రి షెడ్డులోనే ఉన్నాడు. చెప్పినవాడి పెదవులు కదులుతున్నాయి. మొదటి మాటకే అతనికి అంతా అర్థమైంది. ఆ తర్వాత ఇంకేమీ చూడలేదు. భార్య చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

బండిని షెడ్డుకు తెచ్చి పడేశారు. మేస్త్రి తలుపు వేసుకుని ఒక్కడే విప్పాడు. నూనెతో పాటు గోళీల ముక్కలు జారిపడ్డాయి. బేరింగ్ రింగు కాలి నీలంగా మారి ఉంది. అది ఒక్కసారిగా కాలింది కాదు, బండి షెడ్డు దాటిన క్షణం నుంచీ కాలుతూనే ఉంది. చేతిలో పట్టుకుని ఆ నీలం రంగు వంక చూస్తూ అక్కడే కూలబడ్డాడు. ఏడుపు రాలేదు. చెవిలో ఈల మాత్రం ఎప్పటిలాగే ఉంది. దాన్ని పీకి పారేయగలిగితే ఆ క్షణాన పానాతోనైనా పీకేసేవాడే.

సాయంత్రం లేత్ మేస్త్రి తలుపు తట్టి లోపలికి వచ్చాడు.

"ఏముంది మేస్త్రీ లోపల?"

ఇదిగో, ఇక్కడ చెప్పాల్సింది. మనిషి మంచివాడు, స్నేహితుడు, అడిగాడు కూడా. మేస్త్రి ఆ ముక్కలున్న రేకు డబ్బాను కాలితో బల్ల కిందికి నెట్టి, "గేరు తప్పు పడింది" అన్నాడు.

"నేనూ అదే అనుకున్నా. నువ్వు విని పంపిన గేర్‌బాక్స్, ఊరికే ఎందుకు పోతుంది? కుర్రాడు దిగుడులో కంగారుపడి ఉంటాడు." లేత్ మేస్త్రి నిట్టూర్చి వెళ్ళిపోయాడు. మర్నాటికల్లా ఆ మాట వీధంతా పాకింది. తేలు కుట్టిన దొంగలా మేస్త్రి తలుపు వెనక కూర్చున్నాడు.

ఆసుపత్రిలో బావమరిది దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు. దుప్పటి కుడిపక్క చదునుగా ఉంది. మేస్త్రి అటు చూడకుండా కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకుని, వాడి పెదవులు కనిపించేలా కూర్చున్నాడు. పొద్దుటినుంచీ కూడగట్టుకున్న మాట ఒకటి ఉంది.

"ఒరేయ్, ఆ బేరింగ్ నేను సరిగ్గా వినలేదేమో..."

"ఊరుకో బావా!" వాడు తల అడ్డంగా ఊపాడు. "నన్ను ఓదార్చడానికి నీ చెవికి వంకలు పెట్టకు. తప్పు నాదే. దిగుడులో మూడో గేరు నుంచి రెండుకు లాగాను. సరిగ్గా పడలేదేమో, చప్పుడైంది. నా చేతులారా చేసుకున్నా."

"కాదురా, నేను..."

"నువ్వు పంపిన బండి ఒక్కటైనా దారిలో ఆగిందా ఇన్నేళ్ళలో? చెప్పు." అని వాడు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "నోరు ఒకటే మిగిలింది బావా నాకు. ఇంక కూర్చుని కబుర్లు చెప్పుకోవడమే."

చెప్పడానికి వెళ్ళినవాడు చెప్పకుండా లేచాడు. తలుపు దాటుతుంటే అతనికి బరువు దిగినట్టు అనిపించింది. అదే నాకు కోపం. కాలు పోయినవాడు నేరం కూడా నెత్తిన వేసుకుంటే, ఈయనగారికి బరువు దిగిందట! కానీ ఆ తేలిక ఆసుపత్రి మెట్లు దిగేదాకా కూడా నిలవలేదు. కింద అరుగు మీద కూర్చుండిపోయాడు. వచ్చేపోయేవాళ్ళు ఎవరో రోగి తాలూకు మనిషి అనుకుని జాలిగా చూసి వెళ్ళారు.

బావమరిదిని ఇంటికి తెచ్చారు. ముందుగదిలో మంచం వేశారు. మొదట్లో వాడు గలగలా మాట్లాడేవాడు. తర్వాత మధ్యాహ్నాలు గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. అక్క తినిపిస్తే తినేవాడు, లేపితే లేచేవాడు. కర్ర చేతికిస్తే దాన్ని మంచం పక్కన ఆనించి ఊరుకునేవాడు. వ్యాన్‌ను తుక్కుకు ఇచ్చేయమన్నాడు. "నా చేతిలో బండి పెట్టకూడదు బావా. మనిషి అడ్డమొస్తే ఏమయ్యేది?" అన్నాడొకసారి. మేస్త్రి ఆ మాట పూర్తిగా చదివాడు, ఒక్క అక్షరం కూడా తప్పిపోలేదు.

షెడ్డు తెరుస్తున్నాడు గానీ బేరింగులు వినడం మానేశాడు. ఎవరైనా అడిగితే "మనసు బాగాలేదు" అనేవాడు. వాళ్ళూ అర్థం చేసుకున్నట్టు తలలూపేవాళ్ళు. ఇంట్లో ఇంత జరిగాక ఎవరికి మాత్రం మనసుంటుంది అనేవాళ్ళు. అలా ఆ అబద్ధానికి కూడా గౌరవమే దక్కింది.

ఒక మధ్యాహ్నం పెరట్లో కుళాయి కింద భార్య దుప్పట్లు ఉతుకుతోంది. మేస్త్రి చేతుల గ్రీజు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఆమె ఎప్పుడు ఉతకడం ఆపిందో తెలియదు, తల ఎత్తి అతనివైపే చూస్తోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మిమ్మల్ని ఒకటి అడగాలి. అడిగితే కోప్పడకండి."

"అడుగు."

"ఆరోజు బండి విన్నారు చూడండి, నేను టీ తెచ్చాను. మీ వెనక నిలబడి ఒక మాటన్నాను. గుర్తుందా?"

మేస్త్రి కడుగుతున్న చేతులు ఆగిపోయాయి.

"ఏదో సన్నగా ఈల వేస్తోందండీ, తమ్ముడు కాలు తీస్తే మోగుతోంది, నొక్కితే ఆగుతోంది అన్నాను. మీరు పలకలేదు. నేను రెండోసారి చెప్పబోయి ఊరుకున్నాను. నాకేం తెలుసని! మీకు తెలియనిదా, మీరు వినే చోట నేనేంటి మధ్యలో అనుకున్నాను." ఆమె గొంతు ఎలా ఉందో అతనికి తెలియదు, ముఖం మాత్రం చూస్తున్నాడు. "అది బేరింగేనా? నేను ఇంకోసారి గట్టిగా చెప్పి ఉంటే వాడికి కాలు ఉండేదా? అప్పటినుంచీ తిండి సహించడం లేదు నాకు. వాడేమో తనదే తప్పంటున్నాడు. కాదు, నాది. పెంచిన దాన్ని, విన్నాను, విని కూడా ఊరుకున్నాను."

ఇంట్లో ముగ్గురు మనుషులు. తప్పు ఒకడిది. మిగతా ఇద్దరూ దాన్ని పంచుకుని చెరో సగం తింటున్నారు, తప్పు చేసినవాడు మూడు పూటలా తింటూ తిరుగుతున్నాడు. మేస్త్రి కుళాయి గట్టు మీద కూర్చున్నాడు.

"నాకు వినపడలేదు" అన్నాడు.

"ఆ ఇంజిన్ మోతలో ఎలా వినపడుతుంది లెండి. నేనే దగ్గరికొచ్చి..."

ఆమె సందు ఇచ్చింది. బుద్ధిపూర్వకంగా కాదు, ఆమె స్వభావం అంత. ఇంజిన్ మోత అనేస్తే అయిపోయేది. ఇన్నాళ్ళూ అన్నదే కదా.

"మోత వల్ల కాదే. నాకు చెవుడు. ఎప్పటినుంచో చెవుడు. నువ్వన్నదీ వినపడలేదు, బేరింగూ వినపడలేదు. చెవిలో ఎప్పుడూ ఒక ఈల ఉంటుంది, అదే అనుకుని మంచిదేనని చెప్పాను. నీ తప్పు లేదు. వాడి తప్పూ లేదు. గేరు తప్పలేదు. లోపల గోళీలు చితికి ఉన్నాయి, నేను చూశాను, దాచాను."

ఆమె అతని ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాడు. చేతిలో ఉన్న తడి దుప్పటి విసిరి కొడుతుందనుకున్నాడు, కొడితే బాగుండుననుకున్నాడు. ఆమె మెల్లగా అటు తిరిగింది. అతనికి వీపు పెట్టి, గోడకు ఎదురుగా నిలబడి, రెండు చేతులూ గోడకు ఆనించి తల వంచుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాడు. తర్వాత తెలిసింది, మాట్లాడుతోంది. తల చిన్నగా ఊగుతోంది, ఒక చెయ్యి గోడ మీద రెండుసార్లు తట్టింది. ఒక్క మాట కాదు, చాలా మాటలు. బహుశా పెళ్ళినాటినుంచీ దాచుకున్నవన్నీ అన్నదేమో. బహుశా క్షమించానన్నదేమో. బహుశా ఇంట్లోంచి పొమ్మన్నదేమో. కుళాయి పారుతోంది. అతని చెవుల్లో ఈల తప్ప ఏమీ లేదు.

"ఏమన్నావ్?" అన్నాడు లేచి నిలబడి. "ఏమన్నావే? ఇటు తిరిగి చెప్పు!"

ఆమె కుళాయి కట్టేసింది. దుప్పట్లు పిండి తీగ మీద ఆరేసి, అతని పక్కనుంచే లోపలికి వెళ్ళిపోయింది. ముందుగదిలో తమ్ముడి మంచం మీద కూర్చుని వాడికి చెప్పింది. గుమ్మంలోంచి చూశాడు మేస్త్రి. చెప్పినంతసేపూ వాడు గోడవైపే తిరిగి ఉన్నాడు. చెప్పడం అయిపోయాక కూడా ఇటు తిరగలేదు. ఆ నోరూ ఆ రోజుతో బంద్ అయిపోయింది. ఉన్నదీ లేనిదీ కల్పించి చెప్పే పిల్లాడు, బావతో ఆ తర్వాత అవసరానికి మించి మాట్లాడలేదు.

మర్నాటినుంచి ఆమె అతనికి ఎదురుగా వచ్చి నిలబడి, పెదవులు బాగా కదిలిస్తూ, గట్టిగా మాట్లాడడం మొదలుపెట్టింది. భోజనం పెట్టాను అంటుంది. తలుపు వేసి రండి అంటుంది. వాన వచ్చేలా ఉంది, తీగ మీద బట్టలు తియ్యండి అంటుంది. ఏ మాటా అతనికి తప్పిపోకుండా, అలసిపోయినా సరే రెండోసారి చెబుతుంది. గోడతో అన్నది మాత్రం చెప్పలేదు. అతను ఎన్నిసార్లో అడిగాడు, బతిమాలాడు, తిట్టినా సరే చెప్పమన్నాడు. అడిగిన ప్రతిసారీ ఆమె అతని ముఖంలోకి చూసి, పెదవులు బిగించుకుని, పనిలోకి వెళ్ళిపోతుంది.